అమ్మానాయనల తరువాత అన్నకు ఎవరు?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మేడ్చల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారాగారి కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయదలచి ఇచ్చే దానం కాదనీ, అది ఉద్యోగి హక్కు అనీ ఆ తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం డి.ఎ. గురించి, వైద్య సౌకర్యాల గురించి మాట్లాడుకుంటాము. నేను కూడా ఆ కాగితాలే సిద్ధం చేసుకున్నాను. మన కార్యదర్శిగారు మాత్రం "అవి నేను చెప్తాను గానీ, మీరు మీ అన్నగారి గురించి చెప్పండి. మన సభ్యులలో అటువంటి పిల్లలు, అటువంటి తోబుట్టువులు ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఎవరూ నోరు విప్పరు" అన్నారు. ఆయన మాట కాదనలేకపోయాను.

మా అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆయనకు ఇప్పుడు డెబ్బై నాలుగు, నాకు డెబ్బై ఒకటి. మాకు ఒక చెల్లెలు. మాది శామీర్‌పేట చెరువు కింది పల్లె. మా నాయన ద్రాక్షతోటలో పని చేసేవాడు. ఆ రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాదు ద్రాక్ష అని దేశమంతా పేరు. ఇప్పుడు ఆ పందిళ్ళ స్థానంలో ఫంక్షన్ హాళ్ళు, రింగు రోడ్డు వచ్చాయి.

మా అన్న పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదట. ఊళ్ళో మంత్రసాని తప్ప వేరే దిక్కు లేదు. మూడో ఏడు దాటినా నడక రాలేదు. ఆరో ఏట నాలుగు మాటలు వచ్చాయి. బడిలో వేస్తే, వీడివల్ల మిగిలిన పిల్లలు చెడిపోతారని వారం రోజులకే ఇంటికి పంపించారు. ఆ తరువాత ఆయనకు బడి అంటూ లేదు. ఊళ్ళో కొందరు అమాయకుడు అనేవారు, ఎక్కువమంది పిచ్చోడు అనేవారు. ఎర్రగడ్డకు తీసుకుపొమ్మని సలహా ఇచ్చినవారు కూడా చాలామందే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చదువుకున్నవారు కూడా ఇప్పటికీ ఇందులో పొరపడుతున్నారు. పిచ్చి వేరు, ఇది వేరు. మనసుకు వచ్చే జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, దానికి మందులున్నాయి, చాలామందికి నయమవుతుంది. మా అన్నది జబ్బు కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చిన లోటు. చిన్ననాటి నుండి ఉంటుంది, జీవితమంతా ఉంటుంది. దీనికి మాత్రలు లేవు గానీ నేర్పితే నేర్చుకునే శక్తి ఉంటుంది. మన రోజుల్లో బుద్ధిమాంద్యం అన్నాము, తరువాత మానసిక వైకల్యం అన్నాము, 2016 చట్టం వచ్చిన తరువాత మేధో వైకల్యం అంటున్నాము. పేరు ఏదైనా ఫరవాలేదు, మనిషిని మనిషిగా చూస్తే చాలు.

అటువంటి బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి పడే బాధ గురించి అందరూ చెబుతారు. అది నిజమే. ఆ ఇంట్లోనే పెరిగే మిగిలిన పిల్లల సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది వారి గురించే.

మొదటిది, ఆ పిల్లలకు వరుస తారుమారవుతుంది. నేను తమ్ముణ్ణి. కానీ ఐదారేళ్ళ వయసులోనే నేను అన్ననయ్యాను. అన్నను చెరువు దగ్గరికి పోకుండా కాపలా కాయడం నా పని. ఆయనకు అన్నం కలిపి ఇవ్వడం నా పని. గోలీలాటకు పోతే వెంట తీసుకుపోవాలి. ఆటలో ఆయన గోలీలన్నీ ఏరుకుని జేబులో వేసుకునేవాడు. దానితో నన్ను ఆటలోకి రానిచ్చేవారు కాదు.

రెండవది, తల్లి ఒడి నిండి ఉంటుంది. మా చెల్లెలికి మలేరియా వచ్చి వణికిపోతున్నా అమ్మ చూపు అన్న మీదనే ఉండేది. అది అమ్మ తప్పు కాదు. ఆమెకు ఉన్నవి రెండు చేతులే. చెల్లెలు పెద్దయ్యాక నాతో ఒకసారి అన్నది: "అన్నా, నాకు జ్వరమొస్తే సంతోషమయ్యేది. ఆ రెండు దినాలన్న అమ్మ నన్ను సూస్తదేమోనని." ఇటువంటి మాట పిల్లలు చిన్నప్పుడు చెప్పరు. చెప్తే అమ్మ బాధపడుతుందని వారికి తెలుసు.

మూడవది, మిగిలిన బిడ్డ మీద రెండు బిడ్డల ఆశ పడుతుంది. "నువ్వన్న మంచిగ చదువు బిడ్డా" అని మా నాయన రోజూ అనేవాడు. ఆ 'నువ్వన్న' అనే మాటలో ఎంత బరువుందో మోసినవారికే తెలుస్తుంది. లెక్కలలో మార్కులు తగ్గితే మిగతా పిల్లలకు తిట్లు పడతాయి. మా ఇంట్లో తిట్టేవారు కాదు, నాయన మాట్లాడకుండా బయటికి పోయి అరుగుమీద కూర్చునేవాడు.

నాలుగవది, పెళ్ళి. 1977లో మా చెల్లెలికి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల నాడు అన్నను పక్క ఊరిలో మేనమామ ఇంటికి పంపుదామని చుట్టాలు నిశ్చయించారు. పద్ధెనిమిది, పంతొమ్మిది ఏళ్ళ పిల్ల మా చెల్లెలు. "ఈ దినం దాస్తే రేపు పెండ్లిల ఏడ దాస్తరు? అన్న ఉంటెనే నేను బయటికొస్త" అన్నది. అన్నకు తలకు నూనె రాసి, కొత్త చొక్కా తొడిగి, వచ్చినవారి ఎదుట కూర్చోబెట్టింది. వారు కాఫీ తాగి, "పిల్లకు పుట్టేటోళ్ళు గిట్ల పుడ్తరా?" అని అడిగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తరువాత వచ్చిన సంబంధంవారు అన్నను పక్కన కూర్చోబెట్టుకొని భోజనం చేశారు. ఆ ఇంటికే మా చెల్లెలు వెళ్ళింది. ఆ మొదటివారు అడిగిన ప్రశ్నకు జవాబు మాకు అప్పుడు తెలియదు.

ఐదవది, అన్నిటికన్నా పెద్దది. మా అమ్మ ఏటా బోనాలకు శామీర్‌పేట కట్ట మైసమ్మకు మొక్కుకునేది. చిన్నప్పుడు అన్నకు మాటలు రావాలని మొక్కింది. తరువాత బుద్ధి రావాలని మొక్కింది. మేము పెద్దవాళ్ళమైన తరువాత ఆమె మొక్కు మారింది. "తల్లీ, నాకంటే ముందుగాల వీణ్ణి తీస్కపో" అని మొక్కేది. పక్కనే నిలబడి నేను విన్నాను. ప్రాణానికి ప్రాణంగా పెంచిన కొడుకు తనకంటే ముందు చావాలని ఒక తల్లి దేవతను అడుగుతున్నది. అందులో కోపం లేదు, విసుగు లేదు. నా తరువాత వీణ్ణి ఎవరు చూస్తారన్న భయం ఒక్కటే ఉన్నది. అటువంటి పిల్లలున్న ఎంతోమంది తల్లుల నోట ఈ మాట నేను తరువాత విన్నాను. ఈ సభలో కూడా ఆ మాట మనసులో అనుకున్నవారు ఉండవచ్చు.

ఆ మాట విన్నప్పుడు తోబుట్టువుకు ఏమి అర్థమవుతుంది? అమ్మ నన్ను నమ్మడం లేదా అనిపిస్తుంది. లేదా నన్ను ఈ బరువు నుండి తప్పించాలని చూస్తున్నదా అనిపిస్తుంది. నాయన దారి వేరు. "మా తరువాత వాణ్ణి సూసుకునేది నువ్వే" అని నాకు పన్నెండేళ్ళప్పుడే చెప్పేశాడు. ఒకరు చెప్పేశారు, ఒకరు మొక్కుకున్నారు. అడిగినవారు మాత్రం ఎవరూ లేరు.

ఇంత చెప్పాను కనుక, ఆయనవల్ల మాకు కలిగిన మేలు కూడా చెప్పాలి. నేను 1975లో తపాలా శాఖలో చేరాను. కౌంటరు దగ్గర వృద్ధాప్య పెన్షను మనియార్డరు కోసం వచ్చిన ముసలమ్మలు చెప్పిందే పదిసార్లు చెప్పేవారు. నాకు విసుగు వచ్చేది కాదు. "మీకు ఇంత ఓపిక ఎక్కడిదండీ" అని తోటివారు అడిగేవారు. ఒక చొక్కా గుండీ పెట్టుకోవడం చూస్తూ అరగంట కూర్చోగలిగినవాడికి కౌంటరు పని ఏమి కష్టం? ఒకరి ముఖం చూసి ఆకలో, నొప్పో, భయమో చెప్పగలగడం మేము మా అన్న దగ్గరే నేర్చుకున్నాము.

1985లో నాయన పోయాడు. అమ్మను, అన్నను మేడ్చల్‌కు తెచ్చుకున్నాను. నా భార్యకు పెళ్ళికి ముందే అంతా చెప్పాను. ఆమె ఒప్పుకొని వచ్చింది. నేను ఆఫీసులో ఉన్న ఎనిమిది గంటలూ అన్నను చూసింది ఆమె. తోబుట్టువు బాధ్యత మోస్తున్నాడని లోకం నన్ను మెచ్చుకుంటుంది. అందులో సగానికి పైగా ఆమె మోసింది.

అప్పటికి బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వంవారు మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పెట్టి రెండేళ్ళయింది. 1984లో స్థాపించారు. ఆ ఆవరణను మనోవికాస్ నగర్ అంటారు. ఇప్పుడు సంస్థ పేరు మారింది, ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. 229 నంబరు బస్సులో రోజూ దాని పక్కనుండే సికింద్రాబాదు పోయి వచ్చేవాళ్ళం. 1986లో ఒకనాడు దిగి లోపలికి వెళ్ళాము. అప్పటికి మా అన్నకు ముప్పై ఐదేళ్ళు. ఈ వయసులో ఏమి నేర్పుతారని అమ్మ అన్నది.

వారు పరీక్షలు చేసి రెండు సంగతులు చెప్పారు. మొదటిది, పుట్టగానే ఏడవకపోవడంవల్ల మెదడుకు ప్రాణవాయువు అందక ఇలా జరిగిందనీ, ఇది వంశంలో వచ్చేది కాదనీ. మా చెల్లెలిని చూడవచ్చినవారు అడిగిన ప్రశ్నకు జవాబు మాకు తొమ్మిదేళ్ళ తరువాత ఆ విధంగా దొరికింది. కొన్ని కారణాలు వంశపారంపర్యంగా ఉంటాయి, దగ్గరి మేనరికాలలో ఆ ప్రమాదం కొంత ఎక్కువ. అందుకే ఎవరికివారు ఊహించుకోకుండా డాక్టరును అడగాలి. ఆ ఇంటి ఆడపిల్లల, మగపిల్లల పెళ్ళిళ్ళు దానితో ముడిపడి ఉంటాయి.

రెండవది, నేర్పే పద్ధతి. ఒక పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టాలి. చొక్కా తొడగడం మనకు ఒక పని, వారికి పదో పన్నెండో పనులు. గుండీలు పెట్టడం నేర్పాలంటే అన్నీ మనమే పెట్టి చివరి గుండీ ఒక్కటి వారి చేత పెట్టించాలి. అది వచ్చిన తరువాత చివరి రెండు. పని పూర్తి చేసిన సంతోషం ప్రతిసారీ వారికే దక్కుతుంది. ఐదు గుండీలకు మాకు నాలుగు నెలలు పట్టింది. తరువాత స్నానం, తరువాత కంచం కడగడం. రెండేళ్ళకు మా సందు చివరి పాల కేంద్రం దాకా ఒక్కడే వెళ్ళి పాలు తెచ్చేవాడు. అంతకుముందు ద్రాక్షతోటలో ఆయన చేత రోజంతా గంపలు మోయించి, కూలికి బదులు ఒక పూట అన్నం పెట్టి పంపేవారు. పాలు తెచ్చిన మొదటినాడు అమ్మ ఆ పాలతో పాయసం వండింది. ముప్పై ఏడేళ్ళకు కొడుకు సంపాదించి తెచ్చినట్టు సంబరపడ్డది.

మా అమ్మ 1998లో పోయింది. మరుసటి సంవత్సరం, 1999 డిసెంబరులో పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టం చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం చేసిన చట్టం. నా తరువాత నా బిడ్డకు ఎవరు అని తల్లులు వేసే ప్రశ్నను ప్రభుత్వం మొదటిసారి తన ప్రశ్నగా తీసుకున్నది. మా అమ్మ ఇంకొక రెండేళ్ళు ఉండి ఉంటే ఆ సంగతి ఆమె చెవిలో వేసేవాణ్ణి.

తోబుట్టువులు చేసిన పని ఇతర దేశాలలో కూడా ఉంది. మనందరికీ జాన్ కెన్నెడీగారు తెలుసు. ఆయన చెల్లెలు రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండేది. చాలాకాలం ఆ కుటుంబం ఆ సంగతి బయటికి చెప్పలేదు. ఆమె మరొక సోదరి యూనిస్ 1962లో ఒక పత్రికలో ఆ విషయం రాసింది. 1968లో చికాగోలో స్పెషల్ ఒలింపిక్స్ మొదలుపెట్టింది. ఈ రోజు ఎన్నో దేశాలలో ఆ ఆటలు జరుగుతున్నాయి, మన దేశంలో కూడా. ఇంత పెద్ద ఉద్యమానికి మొదలు, ఒక ఆడపిల్ల తన అక్కను దాచకపోవడం. మా చెల్లెలు పెళ్ళిచూపుల్లో చేసిన పని అదే గదా అని నాకు అనిపిస్తుంది. మా చెల్లెలి పేరు పత్రికల్లో రాలేదు, అంతే తేడా.

మన ప్రాంతం సంగతి కూడా ఒకటి చెప్పాలి. నా చిన్నతనంలో మా వీధిలో ఒక అమ్మాయికి పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. ఆమె తమ్ముడు ఆమెను వీపుమీద ఎక్కించుకొని బడికి తెచ్చేవాడు. ఆమెకు చదువు వచ్చింది, అతనికి అంతంత మాత్రం. 1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరిలో బెంగాల్‌లో బయటపడిన కేసే దేశంలో చివరిది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతానికి పోలియో రహిత పత్రం ఇచ్చింది. ఇప్పుడు పోలియో చుక్కల మందు మన శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీలో, భారత్ బయోటెక్‌లో తయారవుతున్నది. అలాగే 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవలకు కేంద్రం మేడ్చల్ రోడ్డు మీద దేవరయాంజాల్‌లో ఉన్నది. మా అమ్మ నొప్పులు పడిన రాత్రి అటువంటి బండి ఒకటి వచ్చి ఉంటే మా అన్న ఈపాటికి నాలాగే పెన్షను తీసుకుంటూ ఈ సభలో కూర్చునేవాడేమో. కొన్ని వైకల్యాలను రాకుండా ఆపవచ్చు. ఆపలేనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటికోసం మనం సిద్ధంగా ఉండాలి.

ఇక పెన్షనర్లుగా మనం చేయవలసిన పనుల గురించి చెప్తాను. దయచేసి కాగితం తీసి రాసుకోండి.

మొదటి పని, సర్టిఫికెట్. వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలి. యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవాలి. ఇది లేకపోతే మిగిలిన ఏ తలుపూ తెరుచుకోదు. మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షను 2014లో 1,500 రూపాయలతో మొదలై 2023 నాటికి 4,016 అయింది. దానికీ ఇదే ఆధారం.

రెండవ పని, ఫ్యామిలీ పెన్షన్. వైకల్యంవల్ల సంపాదించుకోలేని కొడుకుకు గానీ, కూతురుకు గానీ జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుందని మీలో చాలామందికి తెలుసు. తోబుట్టువుకు కూడా వస్తుందని తెలిసినవారు తక్కువ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిపై, పెన్షనరుపై ఆధారపడి బతికే వికలాంగులైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా జీవితాంతం ఫ్యామిలీ పెన్షనుకు అర్హులని 2009 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. వరుస ఉంటుంది. ముందు భార్య లేక భర్త, తరువాత అర్హులైన పిల్లలు, తరువాత తల్లిదండ్రులు, వారెవరూ లేనప్పుడు వికలాంగులైన తోబుట్టువులు. 2021లో ఆదాయ పరిమితిని కూడా సడలించారు. ఇతర ఆదాయం వారికి రాదగిన మామూలు ఫ్యామిలీ పెన్షను కంటే, అంటే ఉద్యోగి చివరి జీతంలో 30 శాతం, దానిపై డి.ఆర్. కలిపిన మొత్తం కంటే తక్కువగా ఉంటే సరిపోతుంది. నేను సర్వీసులో ఉండగానే కుటుంబ వివరాల ఫారంలో మా అన్న పేరు రాసి, సర్టిఫికెట్ జతచేసి ఇచ్చాను. రిటైరైనవారు కూడా పేరు తెలియజేయవచ్చు, పి.పి.ఓ.లో చేర్పించుకునే వీలున్నది. మనం బతికి ఉండగా చేస్తే ఒక దరఖాస్తుతో పోతుంది. మనం పోయిన తరువాత అయితే మాట సరిగా రాని ఆ మనిషి తాను ఎవరో రుజువు చేసుకోవలసి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు నియమాలు వేరు, ట్రెజరీలో అడిగి తెలుసుకోండి.

మూడవ పని, గార్డియన్. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కూడా గార్డియన్లు కారు. నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులు గానీ, తోబుట్టువులు గానీ అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు. గార్డియన్ అయినవారు ఆ వ్యక్తి ఆస్తి జాబితా ఆరు నెలలలో ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. గార్డియన్ అంటే యజమాని కాదు, లెక్క చెప్పవలసినవాడు. ఒకప్పుడు మనకు కలెక్టరాఫీసు అంటే పట్నం పోవడమే. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది, 2022 ఆగస్టు నుండి కలెక్టరేటు మన శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉన్నది. ఇంత దగ్గరికి వచ్చిన దానిని మనం ఉపయోగించుకోకపోతే ఎలా?

నాలుగవ పని, డబ్బు. నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, నేషనల్ ట్రస్టుదే. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయల మినహాయింపు ఉన్నది. అందులో ఆధారపడిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా వస్తారు.

ఐదవ పని కాగితం మీద చేసేది కాదు. అడగడం. ఇది అన్నిటికన్నా కష్టమైనది. మన మిగిలిన పిల్లలను కూర్చోబెట్టి, "మా తరువాత నీవు ఎంత చేయగలవు?" అని అడగాలి. లేదు అనే హక్కు కూడా వారికి ఇవ్వాలి. అడగకుండా ఒప్పగించిన బాధ్యత కొందరికి పగగా మారుతుంది. ఒప్పుకొని తీసుకున్న బాధ్యత చిన్నదైనా నిలుస్తుంది.

మా ఇంటి సంగతే చెప్తాను. నాకు డెబ్బై ఒకటి అని చెప్పాను. నేను ముందు పోతే? నా భార్య కూడా పెద్దదైపోయింది. నిరుడు నేను నా కొడుకును, మా చెల్లెలి కూతురును పిలిచి అడిగాను. నా కొడుకు బెంగుళూరులో ఉంటాడు. "నాన్నా, ప్రతినెలా డబ్బు పంపుతాను, దగ్గరుండి చూడడం నావల్ల కాదు" అన్నాడు. విన్నప్పుడు గుండె కలుక్కుమన్న మాట నిజమే. కానీ వాడు అబద్ధం చెప్పలేదు. దాని మీద లెక్క వేసుకోవచ్చు. మా చెల్లెలి కూతురు రెండు నెలల గడువు అడిగింది. భర్తతో మాట్లాడింది. తరువాత వచ్చి, "మామయ్యా, గార్డియన్‌గా నా పేరు రాయండి. పెదమామయ్యకు ఒంట్లో బాగుండి తన పనులు తాను చేసుకున్నంతకాలం మా ఇంట్లో ఉంటాడు. మంచాన పడితే మంచి హోము చూసి పెడతాను, వారానికోసారి పోయి చూస్తాను. అప్పుడు నన్ను ఎవరూ తప్పు పట్టొద్దు" అన్నది. ఇంత స్పష్టమైన మాట మా కుటుంబంలో డెబ్బై ఏళ్ళలో ఎవరూ మాట్లాడలేదు. అందరం కూర్చొని ఒక కాగితం మీద రాసుకున్నాము. అన్న ఏమి తింటాడు, ఏ మాటకు భయపడతాడు, ఉరుము ఉరిమితే ఏమి చేయాలి, ఏ మందు పడదు, ఇవన్నీ నా భార్య రెండు నోటుబుక్కుల నిండా రాసింది. ఆ అమ్మాయి నెలకు రెండు ఆదివారాలు వచ్చి అన్నను తన ఇంటికి తీసుకుపోతున్నది. ఇంట్లోవాళ్ళు ఉండగానే కొత్త ఇల్లు అలవాటు కావాలని. మొదటిసారి సాయంత్రానికే తిరిగి వచ్చాడు. ఇప్పుడు రాత్రి కూడా ఉంటున్నాడు.

హోము అంటే వదిలించుకోవడం అని అనుకోవద్దు. కుటుంబంవారికి కొద్దిరోజుల విశ్రాంతి కోసం, పెద్దవారు ఉండడం కోసం నేషనల్ ట్రస్టువారి సమర్థ్, ఘరౌందా వంటి పథకాలు ఉన్నాయి. అవి ఉన్న అవసరానికి ఏ మాత్రం సరిపోవు. మన సంఘం ప్రతి ఏటా డి.ఎ. కోసం తీర్మానం చేస్తుంది. దానితోపాటు ఈ జిల్లాలో అటువంటి వసతి గృహాలు పెంచాలని ఒక తీర్మానం చేయవలసిందని సభాధ్యక్షులవారిని వినయపూర్వకంగా కోరుతున్నాను. పెన్షన్ దయ కాదు, హక్కు అని కోర్టు చేత అనిపించుకున్నవాళ్ళం మనం. తనకు తాను అడగలేని మనిషికి నీడ కూడా దయ కాదని మనమే అనాలి.

చివరగా, ఈ సభకు వచ్చిన తల్లులకు ఒక మనవి. మీ బిడ్డ మీకంటే ముందు పోవాలని మొక్కుకోకండి. ఆ మాట మిగిలిన పిల్లలు వింటారు. దానికి బదులు వారిని పిలిచి అడగండి. కాగితాలు సరిచేయండి. నోటుబుక్కు రాయండి. రేపటి ఇల్లు ఈ రోజే అలవాటు చేయండి. మీరు నిశ్చింతగా ఉంటే ఆ బిడ్డా, వాని తోబుట్టువులూ కూడా నిశ్చింతగా ఉంటారు.

కాగితాల విషయంలో సహాయం కావలసినవారు సభ ముగిసిన తరువాత నన్ను కలవండి. ఫారాలు తెచ్చాను. పూర్తి చేయడం నేను చూపిస్తాను, తపాలా కౌంటరులో ముప్పై తొమ్మిదేళ్ళు చేసిన పని అదే.